మైల రంగు నాటుకోళ్ళను వృద్ధి చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాటుకోళ్ళలో, ముఖ్యంగా పందెపు జాతి అయిన అసీల్ కోళ్ళలో, మైల రంగు మీద మక్కువతో జోడీలు కట్టించేవారికి మొదటి రెండు మూడు పొదుగుల్లోనే దాదాపు ఒకే రకమైన సందేహాలు ఎదురవుతాయి. వాటిని పెంపకం దశల వారీగా ఇక్కడ కూర్చాము. ప్రతి జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది కనుక, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మైల అంటే కచ్చితంగా ఏ రంగు? ఒక్కొక్కరు ఒక్కొక్క కోడిని చూపిస్తున్నారు.

పేర్లు ఊరికో తీరుగా ఉంటాయి కాబట్టి పేరును పక్కన పెట్టి ఈకను చూడడం మేలు. నల్లగా ఉండవలసిన చోట నీలి ఛాయ గల బూడిద రంగు వచ్చి, ఎరుపు మాత్రం ఎరుపుగానే నిలిచిన కోడిని ఇక్కడ మైల అంటున్నాము. అటువంటి పుంజుకు రొమ్ము, తొడలు, తోక బూడిదగా, మెడ జూలు, వీపు, రెక్క పైభాగం ఎర్రగా ఉంటాయి. రొమ్ము మీది ఈకను ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురులో చూస్తే, మధ్యలో లేత బూడిద రంగు, అంచు వెంబడి సన్నని ముదురు గీత కనిపిస్తాయి. ఎరుపు బొత్తిగా లేక ఒళ్ళంతా బూడిదగా ఉండే కోడిలో కూడా సాధారణంగా పనిచేసేది నలుపును బూడిదగా మార్చే ఇదే జన్యువు.

ఈ రంగు ఎందుకు అంత అరుదు?

జన్యువు అరుదైనది కాదు, అది నిలబడే పద్ధతే చిక్కు. ప్రతి కోడిలోనూ ఈ జన్యువుకు రెండు ప్రతులు (నకళ్ళు) ఉంటాయి, ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి. నలుపును పలుచన చేసే ప్రతి వాటిలో ఒక్కటే ఉంటే కోడి బూడిద రంగులో ఉంటుంది. రెండూ అవే అయితే నలుపు దాదాపు పూర్తిగా వెలిసిపోయి, తెలుపు మీద అక్కడక్కడ బూడిద మచ్చలున్న కోడి అవుతుంది. ఒక్కటీ లేకపోతే నలుపు నలుపుగానే ఉంటుంది. అంటే మైల కోడి ఎప్పుడూ సగం జోడుతోనే బతుకుతుంది. ఇంగ్లండులో 20వ శతాబ్దం మొదట్లో విలియం బేట్సన్, రెజినాల్డ్ పన్నెట్ నీలి అండలూసియన్ కోళ్ళలో ఈ లెక్కను తేల్చారు. బఠాణీ మొక్కలలో మెండెల్ చూపిన వారసత్వ సూత్రాలు జంతువులలోనూ పనిచేస్తాయని చూపిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

ఎన్ని కోళ్ళతో మొదలుపెట్టాలి?

రంగు కోసం ఒక జోడు చాలు, కానీ తరతరాలు నిలిచే వరస కోసం ఒక జోడు ఎంతమాత్రం చాలదు. ఒక పుంజు, 10 పెట్టలు ఉన్న మంద చూడడానికి పెద్దదే అయినా, రక్త వైవిధ్యం లెక్కలో అది నాలుగు కోళ్ళకు కూడా సమానం కాదు, ఎందుకంటే పుట్టిన ప్రతి పిల్లలోనూ సగం రక్తం ఆ ఒక్క పుంజుదే. అదే 11 కోళ్ళను 3 పుంజులు, 8 పెట్టలుగా పెట్టుకుంటే ఆ లెక్క దాదాపు 9కి చేరుతుంది. పెట్టే మేత ఒకటే, దక్కే ఫలం రెట్టింపుకు పైగా ఉంటుంది. స్థోమత ఉన్నవారు ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు పుంజులతో మూడు గూళ్ళుగా మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

రంగు కోళ్ళను పెంచితే చట్టం ప్రకారం ఇబ్బంది ఉంటుందా?

అసీల్ కోళ్ళను పెంచడం, జత కట్టించడం, అమ్మడం నేరం కాదు. జంతువుల మధ్య పోట్లాటలు పెట్టడాన్ని జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960 నిషేధిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పందెం కాయడానికి 1974 నాటి గేమింగ్ చట్టం కూడా వర్తిస్తుంది. సంక్రాంతి బరుల కోసం కాకుండా జాతి కోసం, రంగు కోసం పెంచేవారు ఎందరో ఉన్నారు, ఈ వివరాలు వారి కోసమే.

## జోడు ఎంపిక

మైల పుంజుకు మైల పెట్టనే జత చేశాను. అయినా నల్ల పిల్లలు, తెల్ల పిల్లలు ఎందుకు పుట్టాయి?

జోడు సరైనదే, ఫలితమూ సరైనదే. మైల కోడి తన పిల్లలకు సగం సార్లు పలుచన చేసే ప్రతిని, సగం సార్లు మామూలు ప్రతిని ఇస్తుంది. ఇద్దరూ మైలలే అయినప్పుడు సగటున నాలుగు పిల్లల్లో ఒకటి నలుపుతో, రెండు బూడిదతో, ఒకటి తెలుపు మీద మచ్చలతో పుడతాయి. నల్ల పిల్లలు పుట్టాయని పెట్టను అనుమానించనక్కరలేదు, అమ్మినవారు మోసం చేశారని అనుకోనూ అక్కరలేదు.

అన్నీ మైల పిల్లలే పుట్టే జోడు ఏదైనా ఉందా?

ఉంది. తెలుపు మీద బూడిద మచ్చలున్న కోడికి స్వచ్ఛమైన కాకి (నల్ల) కోడిని జత చేస్తే, పుట్టే ప్రతి పిల్లా ఒక ప్రతిని అటు నుంచి, ఒకటి ఇటు నుంచి తీసుకుంటుంది కనుక అన్నీ బూడిద రంగులోనే ఉంటాయి. ఎర్ర జూలు గల మైల కావాలంటే ఒంటినిండా నలుపు ఉన్న కాకి కంటే, నలుపు-ఎరుపు కలిసిన కాకిడేగ తరహా కోడిని వాడాలి, లేకపోతే మొదటి తరంలో ఎరుపు నలుపు కింద అణగిపోవచ్చు. చాలామంది మచ్చల పిల్లను 'రంగు చెడిన పిల్ల' అని కూరకు పంపేస్తారు. ఈ రంగు మీద పనిచేసేవారి చేతిలో ఉండవలసిన అత్యంత విలువైన కోడి అదే.

మైల పుంజుకు కాకి పెట్టను కడితే నష్టమా?

నష్టం కాదు, చాలాసార్లు అదే మంచిది. పిల్లల్లో సగటున సగం మైల, సగం నలుపు వస్తాయి. మైలకు మైల కట్టినా మైల పిల్లల వంతు సగమే, కాబట్టి ఆ లెక్కలో పోయేదేమీ లేదు. పైగా తరతరాలూ మైలకు మైలనే కడుతూ పోతే బూడిద రంగు క్రమంగా లేతబడి, ఈక అంచున ఉండే ముదురు గీత మసకబారుతుందని చాలామంది పెంపకందారుల అనుభవం. మెరుపున్న నల్ల కోడిని రెండు మూడు తరాలకు ఒకసారి కలిపితే ఛాయ మళ్ళీ చిక్కబడుతుంది.

మైల తండ్రికి పుట్టిన కాకి పెట్టను కొన్నాను. దానిలో మైల రక్తం దాగి ఉంటుంది కదా?

ఉండదు. ఈ జన్యువు ఒక్క ప్రతి ఉన్నా నలుపు మీద బయటపడుతుంది కనుక, పూర్తిగా నల్లగా ఉన్న కోడి దానిని లోపల దాచుకోలేదు. తండ్రి, తాత, ముత్తాత మైలలే అయినా సరే, నల్ల పెట్టకు నల్ల పుంజును కడితే మైల పిల్ల పుట్టదు. అటువంటి పెట్టకు 'మైల వరస' అనే పేరు మీద ఎక్కువ ధర పెట్టవద్దు. దాచుకోగలిగినవి నలుపే కనిపించని కోళ్ళు. పూర్తిగా తెల్లగా ఉండే సేతువలు, నల్ల ఈక లేని డేగలు (ఎర్ర కోళ్ళు) ఈ జన్యువును మోస్తున్నా చూపుకు తెలియదు.

రంగు పుంజు నుంచి వస్తుందా, పెట్ట నుంచి వస్తుందా?

మైల రంగు ఇద్దరి నుంచీ సమానంగా వస్తుంది, మైల పుంజు–కాకి పెట్ట జోడైనా, కాకి పుంజు–మైల పెట్ట జోడైనా లెక్క ఒకటే. 'పుంజుదే రంగు' అనే మాట పూర్తిగా ఆధారం లేనిది మాత్రం కాదు. ఈక మీద అడ్డచారలు, జూలులో వెండి రంగు వంటి కొన్ని లక్షణాలు లింగ క్రోమోజోముతో పాటు నడుస్తాయి. కోళ్ళలో పెట్టకు ఆ క్రోమోజోము ఒక్కటే ఉంటుంది, దానిని కొడుకులకే ఇస్తుంది, కూతుళ్ళకు తండ్రిదే దక్కుతుంది. ఆ లక్షణాలను చూసి పెద్దలు అన్న మాటను అన్ని రంగులకూ అన్వయించడం వల్ల వచ్చిన గందరగోళం ఇది.

బూడిద పుంజును కాకి పెట్టలకు కడితే ఒక్క బూడిద పిల్ల కూడా రాలేదు. ఎందుకు?

మీ పుంజులో ఉన్నది మైల జన్యువు కాక, ఒళ్ళంతా లేత బూడిద ఛాయనిచ్చే లావెండర్ అనే వేరే జన్యువు అయి ఉండవచ్చు. ఆర్పింగ్టన్, అరౌకానా వంటి విదేశీ జాతులలో ప్రసిద్ధమైన ఈ రంగు, ఆ రక్తం కలిసిన కోళ్ళలోనూ రావచ్చు. లావెండర్ బయటపడాలంటే రెండు ప్రతులూ ఉండాలి, అందుకే కాకి పెట్టకు కట్టినప్పుడు పిల్లలన్నీ నల్లగా పుడతాయి. మైల జన్యువులా కాక ఇది తరం దాటి తిరిగి వస్తుంది. ఆ నల్ల పిల్లలన్నీ దానిని మోస్తూనే ఉంటాయి కనుక, వాటిలో ఒక పెట్టను తండ్రి పుంజుకే కడితే సగం పిల్లలు మళ్ళీ లావెండర్ అవుతాయి. లావెండర్ రెండూ కలిస్తే అన్నీ లావెండరే.

జత కట్టించకుండానే పోల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. మైల జన్యువు నలుపునే పలుచన చేసి ఎరుపును వదిలేస్తుంది. లావెండర్ అలా కాదు, రంగు రేణువులు ఈకలోకి చేరే దారినే దెబ్బతీస్తుంది కాబట్టి నలుపుతో పాటు ఎరుపు కూడా వెలిసి ఎండుగడ్డి రంగుకు వస్తుంది. ఇది ఎమ్‌ఎల్‌పిహెచ్ అనే జన్యువులో మార్పు అని 2008లో తేలింది. ఛాయ ఒళ్ళంతా ఒకేలా ఉండి, ఈక అంచున ముదురు గీత లేకపోతే లావెండర్ అని అనుమానించాలి. లావెండర్ కోళ్ళ కొన్ని వరసలలో వీపు ఈకలు ఆలస్యంగా వచ్చి, చిరిగినట్టు ఉంటాయి. ఈక బాగున్న నల్ల కోళ్ళను మధ్య మధ్య కలపడమే దానికి మందు.

మా మైల పుంజుకు తోబుట్టువైన పెట్ట గోధుమ రంగులో ఉంది. అది మైలా, కాదా?

తోకా, రెక్క పెద్ద ఈకలూ చూడండి. అసీల్ పెట్టలలో గోధుమ, లేత మీగడ రంగు ఒళ్ళు సాధారణం, వాటిలో నలుపు ఉండేదే తోక ఈకలలో, రెక్క ముడుచుకున్నప్పుడు లోపలికి దాగే ఈకలలో. రెక్కను వేళ్ళతో విసనకర్రలా విప్పి చూసినప్పుడు ఆ భాగం నల్లగా కాక బూడిదగా ఉంటే ఆ పెట్ట మైల జన్యువును మోస్తోంది, పుంజు పిల్లలలో అది పూర్తిగా విప్పారుతుంది. ఇలాంటి పెట్టలను గుర్తించక మామూలు గోధుమ పెట్టలుగా సంతకు పంపి, ఆ తర్వాత మైల పెట్ట కోసం జిల్లాలు తిరిగేవారు ఉన్నారు.

అన్నాచెల్లెళ్ళను కట్టవచ్చా?

ఒక్కసారి కడితే కొంప మునగదు, అదే అలవాటైతే వరస తప్పక దెబ్బతింటుంది. తోబుట్టువుల జోడులోనూ, తండ్రీకూతుళ్ళ జోడులోనూ పుట్టిన పిల్లల అంతఃప్రజనన స్థాయి 25 శాతం. తల్లులు వేరై తండ్రి ఒక్కడే అయిన జోడులో 12.5 శాతం. దెబ్బ మొదట కనిపించేది రంగులో కాదు, గుడ్లలో. పొదుగుకు తేలే గుడ్లు తగ్గుతాయి, గుడ్డులోనే చచ్చే పిల్లలు పెరుగుతాయి, ఆ తర్వాత ఎదుగుదల మందగిస్తుంది, కొక్కెర తెగులు వంటివి వచ్చినప్పుడు మంద తట్టుకోలేదు. మూడు గూళ్ళున్నవారు ప్రతి తరంలోనూ పెట్ట పిల్లలను పుట్టిన గూటిలోనే ఉంచి, పుంజు పిల్లలను మాత్రం ఒకటో గూటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు, మూడు నుంచి ఒకటికి మార్చుకుంటూ పోతే, బయటి కోడి లేకుండానే చాలా తరాలు నడపవచ్చు.

సేతువతో కలిపితే మైల తేటగా వస్తుందంటారు, నిజమేనా?

కాదు. తెలుపులో రెండు రకాలున్నాయి. ఒకటి, ఒక్క ప్రతి ఉన్నా నలుపును కప్పేసే తెలుపు, తెల్ల లెగ్‌హార్న్‌లో ఉండేది అదే. దానితో కలిపితే పుట్టే పిల్లలు తెల్లగా, ఎక్కడో ఒకటి రెండు నల్ల చుక్కలతో ఉండి, మైల జన్యువు ఉందో లేదో తెలియనివ్వవు. రెండవది, రెండు ప్రతులుంటేనే బయటపడే తెలుపు. అది మొదటి తరంలో కనిపించదు, తర్వాతి తరాల్లో తెల్ల పిల్లలుగా తేలుతుంది. ఏ విధంగా చూసినా లెక్కకు అడ్డమే తప్ప ఛాయకు మేలు లేదు.

## గుడ్లు, పొదుగు

పుంజును మార్చాక ఎన్నాళ్ళకు కొత్త పుంజు పిల్లలని నమ్మవచ్చు?

పెట్ట తన అండవాహికలోని సన్నని గొట్టాలలో వీర్యాన్ని నిల్వ ఉంచుకుంటుంది, పుంజును తీసేసిన రెండు వారాల తర్వాత కూడా విత్తనపు గుడ్లు పెట్టగలదు. రంగు లెక్క కోసం పనిచేసేవారు పెట్టను మూడు వారాలు ఏ పుంజూ లేకుండా విడిగా ఉంచి, ఆ తర్వాతే కొత్త పుంజుతో కలపాలి. పెరట్లో వదిలి మేపే కోళ్ళకు పక్కింటి పుంజు గోడ దూకిన ఒక్క పూట చాలు, ఆ పొదుగంతా లెక్కకు రాకుండా పోతుంది. జత కాలంలో కంచె గూడు తప్పనిసరి.

గుడ్లు ఎన్ని రోజులు దాచవచ్చు?

వారం లోపు పొదగేయడం శ్రేష్ఠం, పది రోజులు దాటితే పిల్లల శాతం పడిపోతుంది. 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం గుడ్లకు అనువు. వంటింటి ఫ్రిజ్ అంతకంటే బాగా చల్లన, వేసవి గది మరీ వేడి. ఆ వేడికి గుడ్డులో పిండం అరకొరగా కదలడం మొదలై తర్వాత చచ్చిపోతుంది. తడి ఇసుకలో దింపిన మట్టికుండలో, సన్నటి కొన కిందికి ఉండేలా గుడ్లు పెట్టే పాత పద్ధతి మన ఎండలకు ఇప్పటికీ పనికొస్తుంది.

పెట్ట కింద పెట్టాలా, ఇంక్యుబేటర్‌లోనా?

అసీల్ పెట్ట పొదుగులో, పిల్లలను కాపాడడంలో మేటి. ఒక్కో పెట్ట కింద 10–12 గుడ్లు చాలు. అయితే పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లు మానేస్తుంది కాబట్టి, అసలే తక్కువ గుడ్లు పెట్టే మైల పెట్ట నుంచి ఎక్కువ పిల్లలు కావాలంటే దాని గుడ్లను వేరే పెట్ట కింద గానీ యంత్రంలో గానీ పెట్టాలి. ఫ్యాను ఉన్న ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీల వేడి, మొదటి 18 రోజులు 50–55 శాతం తేమ, చివరి మూడు రోజులు 65–70 శాతం తేమ ఉంచాలి. 18వ రోజు తర్వాత గుడ్లు తిప్పకూడదు. 21వ రోజుకు పిల్లలు వస్తాయి.

ఏ పిల్ల ఏ జోడుదో ఎలా గుర్తుపెట్టుకోవాలి?

గుడ్డు పెట్టిన పూటే దాని మీద పెట్ట సంఖ్య, తేదీ పెన్సిలుతో రాయాలి. పిల్లలు తేలే చివరి మూడు రోజుల్లో ఒక్కో జోడు గుడ్లను ఒక్కో దోమతెర గుడ్డ సంచిలో వదులుగా కట్టి పెడితే పిల్లలు కలిసిపోవు. బయటికి తీయగానే కాలి వేళ్ళ మధ్య పొరకు చిన్న రంధ్రం వేసే పద్ధతి ఉంది. రెండు కాళ్ళకూ కలిపి అటువంటి పొరలు నాలుగు కనుక, రంధ్రం ఉన్నది లేనిది కలిపి 16 రకాల గుర్తులు వస్తాయి. రంధ్రం ఇష్టపడనివారు రంగు ఉంగరాలు వేయవచ్చు, కానీ పిల్ల పెరిగే కొద్దీ వాటిని మార్చాలి. బిగిసిన ఉంగరం కాలిని కోసేస్తుంది.

## పిల్లలు, రంగు తేలడం

పుట్టిన రోజే రంగు చెప్పవచ్చా?

ఒళ్ళంతా నల్లని వరస అయితే చెప్పవచ్చు. నల్ల పిల్ల నూగు నలుపు, పొట్ట దగ్గర తెలుపు. బూడిద పిల్ల నూగు స్పష్టంగా బూడిద. మచ్చల పిల్ల దాదాపు తెల్లగా, పలచని పొగ రంగుతో ఉంటుంది. గోధుమ పెట్టల వరసలో మాత్రం పిల్లలన్నీ మీగడ రంగు నూగుతోనే పుడతాయి, రెక్క, తోక ఈకలు విచ్చుకునేదాకా తేలదు. ఆ వరస పిల్లలను మొదటి నెలలో ఎవరికీ రంగు పేరు చెప్పి అమ్మవద్దు, కొనవద్దు.

8 పిల్లల్లో ఒక్కటీ మచ్చలది రాలేదు. జోడు తప్పా?

తప్పని చెప్పలేము. నాలుగింట ఒకటి అన్నది సగటు మాత్రమే. మైలకు మైల కట్టిన జోడులో 8 పిల్లలు పుడితే, ఒక్కటీ మచ్చల పిల్ల కాకుండా పోయే అవకాశం దాదాపు పదింట ఒకటి, అంటే ఏటా ఎన్నో ఇళ్ళలో జరిగే విషయమే. అదే 8 పిల్లల్లో ఒక్కటీ బూడిద రంగు రాకపోయే అవకాశం 256లో ఒకటి. అలా జరిగితే మాత్రం జోడులో ఒకటి మైల కాదేమోనని చూడాలి. ఒక్క పొదుగు చూసి తీర్పు చెప్పకుండా, అదే జోడు పిల్లలను రెండు మూడు పొదుగులు లెక్కవేసి కలిపి చూడాలి.

బూడిద రంగు తుప్పు పట్టినట్టు గోధుమగా మారుతోంది. జబ్బా?

సాధారణంగా ఎండ దెబ్బ. బూడిద ఈక ఎండకు నలుపు కంటే త్వరగా వెలుస్తుంది, పాత ఈకలు రాలి కొత్తవి వచ్చినప్పుడు అసలు ఛాయ తిరిగి వస్తుంది. అందుకే పుంజు ఛాయను ఈకలు మార్చుకున్న వెంటనే చూసి రాసుకోవాలి. ఈకలో తెల్ల మచ్చలు కొత్తగా పుట్టుకొస్తే మేత సంగతి చూడండి. లైసిన్, రాగి, ఇనుము, ఫోలిక్ ఆమ్లం లోపించినప్పుడు రంగు ఈక వెలవెలబోతుంది. నూకలు, జొన్నలు మాత్రమే వేసే ఇళ్ళలో వేరుశనగ చెక్క, సోయా చెక్క, ఎండుచేపల పొడి, పచ్చి ఆకు చేర్చితే మార్పు కనిపిస్తుంది. అయితే ఏ మేతా నల్ల కోడిని మైల చేయదు.

అరుదైన కోళ్ళు కదా, టీకా వేయిస్తే ఏమైనా అవుతుందా?

వేయించకపోతేనే అవుతుంది. కొక్కెర తెగులు ఒక్క వారంలో గూడు ఖాళీ చేయగలదు, రంగుకు దానితో పని లేదు. ఆ తెగులుకు 5–7 రోజుల వయసులో లాసోటా టీకా చుక్కలు, 6–8 వారాలకు పశువైద్యశాలలో ఆర్2బి టీకా సూది, మశూచికి విడిగా టీకా వేయించాలి. ఆర్2బి చిన్న పిల్లలకు వేయకూడదు.

## వరసను నిలబెట్టడం

మైల కాని పిల్లలను ఏం చేయాలి?

అన్నిటినీ అమ్మేయకండి. ఒళ్ళు గట్టిగా ఉన్న, కాళ్ళు నిటారుగా ఉన్న, ఈక మెరిసే నల్ల తోబుట్టువు మీ తర్వాతి తరపు ఛాయను కాపాడుతుంది. మచ్చల తోబుట్టువు నల్ల కోడితో కలిసి నూటికి నూరు మైల పిల్లలనిస్తుంది. ఎంపికలో నేను పాటించే వరస ఇది: ముందు ఆరోగ్యం, తర్వాత ఒంటి కట్టు, కాళ్ళు, ఆ తర్వాత గుణం, చివరికి రంగు. రంగును ముందు పెట్టిన మందల్లో మూడు నాలుగు తరాలకే బలహీనమైన కాళ్ళతో, చిన్న ఒళ్ళతో ఉన్న అందమైన కోళ్ళు మిగలడం చూస్తే బాధ కలుగుతుంది. రంగును ఒక తరంలో తిరిగి తెచ్చుకోవచ్చు, పోయిన ఒంటి కట్టును తెచ్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

ఎన్ని తరాలకు మైల స్థిరపడుతుంది?

ఎన్ని తరాలకూ స్థిరపడదు, అది శ్రమలోపం కాదు. మైల కోడిలో రెండు ప్రతులూ వేరువేరు కాబట్టి మైలకు మైల కట్టినప్పుడల్లా మూడు రకాల పిల్లలు వస్తూనే ఉంటాయి. 'స్థిరపడిన మైల వరస' అని ఎవరైనా చెబితే వారి మచ్చల కోళ్ళను, నల్ల కోళ్ళను చూపించమనండి. స్థిరపరచగలిగినవి ఛాయ చిక్కదనం, ఈక అంచు గీత, ఎరుపు నాణ్యత. పెట్ట గుడ్లకు రావడానికి ఆరేడు నెలలు, పుంజును పూర్తిగా అంచనా వేయడానికి ఏడాది పడతాయి కనుక, తరానికి ఏడాదిగా లెక్కవేసుకోండి.

కొనేటప్పుడు అసలు మైలను ఎలా పోల్చుకోవాలి?

ఫోటో చూసి డబ్బు పంపవద్దు, నీడలో తీసిన నల్ల కోడి కూడా ఫోటోలో బూడిదగా కనిపిస్తుంది. పగటి వెలుగులో కోడిని చేతిలోకి తీసుకుని, రెక్క విప్పి ఈక మొదలు దాకా చూడండి. సహజమైన బూడిద రంగు ఈక కాడ వరకు సాగుతుంది, వేసిన రంగు పైపైన ఆగి, తడి తెల్లగుడ్డతో రుద్దితే చాలాసార్లు గుడ్డకు అంటుతుంది. చర్మం మీద, కాలి పొలుసుల సందుల్లో మరకలున్నాయేమో చూడండి. వీలైతే తల్లిదండ్రులనూ, అదే పొదుగులో పుట్టిన తోబుట్టువులనూ చూపించమని అడగండి. మూడు రంగుల తోబుట్టువులు ఒకే గంప కింద కనిపిస్తే, రంగు సంగతిలో ఆ అమ్మకందారును నమ్మవచ్చు. కొన్న కోడిని మూడు నాలుగు వారాలు మిగతా మందకు దూరంగా ఉంచి, ఆ తర్వాతే గూటిలోకి వదలండి.